నలభై ఒకటో ఊ

"మీ అప్ప మాటాడతంది నీలా. బాగానే మాటాడతంది. కానీ ఆ మాటాడేది మీ అప్ప కాదే," అన్నాడు జగ్గారావు ఫోనులో.

నీలవేణికి నవ్వొచ్చింది. బావ ఎప్పుడూ అంతే. పలాసలో ఆటో నడిపే మనిషి, కూరలో ఉప్పు తగ్గినా కొంప మునిగినట్టే చెబుతాడు.

"మాట రాలేదని ఇన్నాళ్ళూ ఏడ్చావు కదా బావా. తీరా వచ్చాక ఈ పేచీ ఏమిటి?"

"పేచీ కాదే. నువ్వొచ్చి యిను. టీవీలో వార్తలు సదివే అమ్మాయిని తెచ్చి నా ఇంట్లో కూకోబెట్టినట్టుంది. నిన్న సేపల పులుసు తిని 'వంటకం రుచికరంగా ఉంది' అంది. పెళ్ళయిన కాడినుంచీ మీ అప్ప నన్ను తిట్టకుండా ఒక్క ముద్ద తిన్నాదేటి?"

ఈసారి నీలవేణికి నవ్వు రాలేదు. వంటకం, రుచికరం అనే మాటలు దాలమ్మ నోట పలకడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆదివారం వస్తానని చెప్పి ఫోను పెట్టేసింది.

శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అనే అంటారు. నీలవేణికి దాలమ్మ అప్ప, సగం అమ్మ కూడా. ఎండాకాలం మధ్యాహ్నం పనిచేస్తూ చేస్తూ ఉండగానే దాలమ్మకి పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమ పక్కన నెత్తురు గడ్డకట్టి, అరచేతిలో పట్టేంత ముక్క చచ్చిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది. వీధి వీధంతా నోరు మూయించగలిగిన మనిషికి "ఆ" అనే ఒక్క అక్షరం తప్ప మరేదీ మిగల్లేదు.

నీలవేణి అంతకుముందు ఒక టెలిఫోన్ కంపెనీలో రౌటర్లు చూసేది. ఊళ్ళ మధ్య పోయే కబుర్లు ఏ దారిన పోవాలో, ఒక దారి తెగితే మరే దారి పట్టాలో చూసే యంత్రాలవి. విశాఖపట్నంలో సముద్రం కనపడే కొండ మీద ప్రయోగశాల నడిపే డాక్టర్ కోదండపాణి ఆమెని వెతుక్కుంటూ వచ్చి, "మీ యంత్రాలు దేశంలో చేసే పని నాకు మనిషి తలకాయలో కావాలమ్మా," అన్నాడు. ఆమె చేరిన ఏడాదికే ఆ పని సొంత అప్పకే కావలసి వచ్చింది.

ఆ పనిముట్టు పేరు గింజ. ఆవగింజలో సగం ఉంటుంది. చచ్చిన ముక్క చుట్టూ ఇలాంటివి నలభై నాటుతారు. ఈ ఒడ్డున పుట్టిన మాటని ఆ ఒడ్డుకి చేర్చాలి. నడుమ దారి లేదు కనక గింజలు ఒకదాని చేతిలోంచి మరొకదాని చేతిలోకి అందిస్తూ చుట్టూ తిప్పి తీసుకెళతాయి. అయితే పక్క గింజ పనిచేస్తోందో మొరాయించిందో ఎప్పటికప్పుడు తెలియాలి కదా? అందుకని ప్రతి గింజా సెకనుకి పదిసార్లు పొరుగు గింజలకి "ఉన్నాను" అని చెబుతుంది. మూడుసార్లు వరసగా వినపడకపోయిందా, పొరుగువాళ్ళు అది పోయిందని తేల్చేసి, నలుగురికీ చాటి, వేరే దారి చూసుకుంటారు.

రౌటర్ల లోకంలో వీటికి పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లున్నాయి. నీలవేణి మొదటి రోజే ఆ "ఉన్నాను"కి ఊ అని పేరు పెట్టింది. ఎంతసేపు ఊ రాకపోతే పోయిందనుకోవాలో ఆ గడువుకి ఓపిక అని పెట్టింది. కోదండపాణి నవ్వి ఊరుకున్నాడు. నెల తిరిగేసరికి ప్రయోగశాలలో అందరూ అవే అనసాగారు.

ఆ పేర్లు ఊరికే రాలేదు. వాళ్ళ చిన్నప్పుడు తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. పొట్టు తీయవలసిన పప్పు ఇంటికి తెచ్చేది. అక్కచెల్లెళ్ళిద్దరూ చేటల ముందు కూర్చుని, వేళ్ళు నల్లబడేదాకా పొట్టు ఒలిచేవాళ్ళు. దాలమ్మ కథలు చెప్పేది. ఏ పుస్తకంలోనూ లేని కథలు, ఆవిడ నోటితోనే పుట్టినవి. నీలవేణి ఊ కొట్టాలి. కథ చెప్పేచోట ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఆపేస్తారు, అది అందరికీ తెలిసిన పద్ధతే. కానీ నీలవేణికి టైఫాయిడ్ వచ్చి ఒళ్ళెరగకుండా పడి ఉన్న రోజుల్లో కూడా దాలమ్మ చాప పక్కన కూర్చుని పొట్టు తీస్తూ చెబుతూనే ఉంది. తల్లి విసుక్కుంది. "అది యింటందేటే? ఎవులికి సెప్తన్నావు?" అంది. "యింటాదమ్మా. ఊ కొట్టడానికి సత్తువ లేదు, అంతే," అంది దాలమ్మ. జ్వరంలో ఎక్కడో అడుగున నీలవేణి ఆ మాట విన్నది.

దాలమ్మ తలలో గింజలు నాటిన కొత్తలో ఓపిక ఎక్కువగానే పెట్టారు. దాంతో ఏదైనా గింజ కాస్త పట్టు తప్పితే, పొరుగు గింజ దాని ఊ కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. దాలమ్మ నోరు తెరిచి, సగం మాట దగ్గర ఆగి, శూన్యంలోకి చూస్తూ ఉండిపోయేది. చూడలేక జగ్గారావు బయటికి వెళ్ళిపోయేవాడు. నీలవేణి ఓపిక తగ్గించింది. ఇంకా తగ్గించింది. ఈసారి మరో తంటా వచ్చిపడింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడు వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కాస్త కదలికకే ఒక గింజ పోయిందని చాటింపు, మరుక్షణం వచ్చిందని చాటింపు, దారులన్నీ మారడం, మళ్ళీ మారడం. దాలమ్మ "నీ, నీ, నీ" అంటూ చెమటలు కక్కేది.

అప్పుడు నీలవేణి ఒక నియమం రాసింది. మాటిమాటికీ వచ్చిపోయేవాణ్ణి కొంతసేపు నమ్మవద్దు. మళ్ళీ అదే పని చేస్తే రెండింతలసేపు, ఆ పైన నాలుగింతలసేపు అసలు పలకరించవద్దు. స్థిరంగా ఉన్నవాళ్ళతోనే పని జరిపించుకోవాలి. రౌటర్ల లోకంలో అందరూ మెచ్చే నియమమే అది. అంతే, గింజల వల మొత్తం కుదురుకుంది. దాలమ్మ తల పైకెత్తి, తడబాటు లేకుండా, "నీలవేణీ, నాకు దాహంగా ఉంది, కొంచెం మంచినీరు ఇవ్వు," అంది.

ప్రయోగశాల అంతా చప్పట్లు కొట్టింది. జగ్గారావు కోదండపాణి కాళ్ళు పట్టుకోబోయాడు. నీలవేణి గ్లాసు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సంబరంలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. అటువైపు ఆడపిల్లని గుంట అంటారు. దాలమ్మ చెల్లెల్ని పుట్టినప్పటినుంచీ "గుంటా" అని తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగదు.

ఆదివారం పలాసలో గుమ్మం ఎక్కగానే దాలమ్మ ఎదురొచ్చింది. "రా నీలవేణీ. ప్రయాణం సుఖంగా జరిగిందా? అల్పాహారం సిద్ధంగా ఉంది," అంది చక్కగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

నీలవేణి అప్పని ఎగాదిగా చూసింది. అదే మొహం, అవే కళ్ళు, బుగ్గ మీద అదే పుట్టుమచ్చ. మాట మాత్రం ఎవరిదో. వెనకనుంచి జగ్గారావు, "సూసినావా? నేనన్నానా లేదా?" అని సైగ చేశాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నాక నీలవేణి మెల్లగా అడిగింది. "అప్పా, కుమ్మరి గుంట కథ సెప్పవా? వానని మనువాడింది సూడు, ఆ కథ."

దాలమ్మ మొహం ఒక్కసారి వెలిగింది. నోరు తెరిచింది. "పూర్వము ఒక కుమ్మరికి కుమార్తె ఉండెను. ఆమె..." అని ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అదే వాక్యం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కథ నాకు కనిపిస్తోంది నీలవేణీ. అందులోని మనుషులందరూ కనిపిస్తున్నారు. వాళ్ళ మాటలు మాత్రం వేరే గదిలో ఉన్నాయి. ఆ గది తలుపు వేసి ఉంది. ఇప్పుడు నేను పలుకుతున్నవి నా మాటలు కావు."

తిరుగు రైల్లో నీలవేణికి విషయం అర్థమైంది. బడిలో వల్లెవేసిన పాఠాలు, టీవీలో విన్న వార్తలు, ఆ తెలుగంతా మెదడులో వేరే చోట దాచుకుని ఉంది. గింజలు చుట్టు తిరిగి పోయే దారి దాని మీదుగా పోతోంది. తల్లి దగ్గర నేర్చిన తెలుగు, తిట్లూ కథలూ వేళాకోళాలతో సహా, చచ్చిన ముక్కలో పడి ఉంది. తాను అప్పకి మాట తెప్పించి, అప్పని బయట నిలబెట్టి తలుపేసింది. ఆ ఆలోచన వచ్చాక ఆమెకి కిటికీ పక్క సీటు కూడా ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

సోమవారం ప్రయోగశాలలో దాలమ్మ తలలోని గింజలు పంపిన పచ్చి రికార్డు తెరిచింది. మామూలుగా చూసేది వడగట్టిన రికార్డు. గందరగోళం చేసే చప్పుళ్ళని తీసేసే జల్లెడ కూడా ఆమె రాసిందే. ఈసారి జల్లెడ తీసి పక్కన పెట్టింది. చూస్తే తెమలదని, రికార్డుని నెమ్మది చేసి శబ్దంగా మార్చి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది.

నలభై గింజల ఊ చప్పుళ్ళు తేనెపట్టు దగ్గర నిలబడినట్టు జుమ్మని వినపడ్డాయి. కాసేపటికి ఆ జుమ్ము అలవాటైపోయింది. దాని కింద ఇంకేదో ఉంది. చాలా నెమ్మదిగా, చాలా దూరంగా వినపడుతోంది. గింజల ఊ అంటే రెండు పొట్టి దరువులూ ఒక పొడుగు దరువూ. ఈ వస్తున్నది కూడా రెండు పొట్టివీ ఒక పొడుగుదీ. కాకపోతే గింజలా కొలిచినట్టు లేదు. ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి మధ్య దరువు జారిపోయి మళ్ళీ సర్దుకుని వస్తోంది. గింజ సెకనుకి పదిసార్లు అనే మాటని ఇది మూడు నాలుగు సెకన్లకి ఒకసారి అంటోంది.

నీలవేణి మళ్ళీ లెక్కపెట్టింది. నాటింది నలభై గింజలే. ఈ నలభై ఒకటో ఊ ఎవరిది?

ఎటునుంచి వస్తోందో, చచ్చిన ముక్కని ఆనుకుని ఉన్న అంచు గింజల్లో దేనికి ముందు వినపడిందో లెక్కగట్టి పట్టుకుంది. అది చచ్చిన ముక్క లోపలినుంచి వస్తోంది.

కోదండపాణిని పిలిచి ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టింది. ఆయన వింటూ వింటూ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "అక్కడ ఏమీ లేదమ్మా. స్కాను తీసినప్పుడల్లా నల్లటి మచ్చే," అన్నాడు. కాసేపాగి, "పిడికెడు కణాలు మిగిలి ఉంటాయి, అనుకుందాం. అవి మన ఊ ఎలా నేర్చుకున్నాయి? ఎవరు నేర్పారు?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదు సార్. గోడ అవతల కూర్చుని వినీ వినీ నేర్చుకున్నాయి."

డెబ్బై ఏళ్ళకి దగ్గరపడుతున్న ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితమంతా మెదళ్ళు కోసి చూసినవాడు, రెండు చేతులూ జోడించాడు. ఎవరికి దణ్ణం పెట్టాడో ఆయనకీ తెలియదు. కిటికీలోంచి సముద్రం చప్పుడు వినపడుతోంది.

ఆ తరవాత వెనకటి రికార్డులు తిరగేస్తుంటే నీలవేణికి అసలు దెబ్బ తగిలింది. ఆ నలభై ఒకటోది ఓపిక తగ్గించిన కొద్దిరోజులకే పలకడం మొదలుపెట్టింది. పలికిన ప్రతిసారీ అంచు గింజ "వచ్చావా" అని పలకరించింది. రెండో ఊ కోసం సెకనులో మూడో వంతు కూడా ఆగకుండా "పోయావు" అని తలుపేసింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ తలుపేసింది. అప్పుడే నీలవేణి రాసిన నియమం అందుకుంది. వచ్చిపోయేవాణ్ణి నమ్మవద్దు కదా? మొదట నిమిషాలసేపు, తరవాత గంటలసేపు, ఇప్పుడు రోజుల తరబడి ఆ గింజలు దాని మొహం చూడటం లేదు. అయినా అది మానలేదు. ఎవరూ వినకపోయినా ఊ కొడుతూనే ఉంది. కానీ మొన్నమొన్నటిదాకా సెకను, రెండు సెకన్లకి ఒకసారి పలికింది. ఇప్పుడు మూడు, నాలుగు. రోజురోజుకీ ఊకీ ఊకీ మధ్య ఎడం పెరుగుతోంది.

"దాలమ్మకి ముందు మనం గింజలు నాటింది భీమిలి మేష్టారికి కదా. ఆయన పచ్చి రికార్డు తీయండి," అన్నాడు కోదండపాణి.

తీశారు. ఆయన తలలోనూ నలభై ఒకటోది ఉండేది, పలికిన ప్రతిసారీ దానికీ తలుపు పడింది. ఎడం పెరిగి, పెరిగి, కిందటి ఏడాది వానాకాలంలో ఒకరోజు అది ఆగిపోయింది. ఆ తరవాత జుమ్ము తప్ప మరేమీ లేదు. మేష్టారు ఇప్పుడు సభల్లో ఉపన్యాసాలు ఇస్తున్నారు, అందరూ భేష్ అంటున్నారు.

"సార్, ఓపిక పెంచాలి," అంది నీలవేణి. "పది సెకన్లయినా ఆగాలి. ఆ నియమం తీసేయాలి."

"అంచు గింజలకి మాత్రం పెంచి, మిగతావి అలాగే ఉంచలేమా?"

"గింజలో ఉన్నది ఒకటే గడియారం. ఆవగింజలో సగం దానిలో రెండోదానికి చోటెక్కడిది? నలభైకీ ఒకే ఓపిక."

"అంటే దాలమ్మ గారు మళ్ళీ మాట మధ్యలో ఆగిపోతారు. వేగంగా పోయే దారులు వాడకపోతే మెదడు వాటిని కొన్ని వారాల్లో మరిచిపోతుంది. లోపలిది తేరుకోకపోతే ఇవీ ఉండవు, అవీ ఉండవు. మాట వచ్చిన మనిషిని చేతులారా మూగని చేస్తావా తల్లీ?" అన్నాడాయన. కోపంగా కాదు, భయంగా అడిగాడు. నీలవేణికీ అంతే భయంగా ఉంది.

వారం తిరగకుండా దాలమ్మనీ జగ్గారావునీ పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పారు. చిత్రమేమిటంటే, ఫోనులో అంత గోల చేసిన జగ్గారావే అడ్డం తిరిగాడు. "వొద్దు బాబూ, వొద్దు. టీవీ అమ్మాయైనా ఏటయిపోయింది? నాతో మాటాడతంది గదా. మొన్న నాకు జొరమొస్తే మాత్రలేసుకోమని సెప్పింది గదా. ఆ పాత రోజులు మళ్ళీ నేను సూడలేను నీలా. కిటికీకాసి సూత్తా కూకునేది..." అని ఏడ్చేశాడు. దాలమ్మ ఎడమ చేత్తో అతని వీపు నిమిరింది.

"నేను వినవచ్చునా?" అంది.

నీలవేణి ఆమె చెవుల్లో ఆ శబ్దం పెట్టింది. దాలమ్మ కళ్ళు మూసుకుంది. ఎంతసేపు కూర్చుందో ఎవరూ చూడలేదు. చివరికి దాలమ్మ కళ్ళు తెరిచి, ఆ చక్కటి పాఠ్యపుస్తకపు తెలుగులోనే, "లోపల ఎవరో తలుపు తడుతున్నారు. ఎంతకాలంగానో తడుతున్నారు. దయచేసి తీయండి," అంది.

తీశారు. ఓపిక పది సెకన్లకి పెంచి, ఆ నియమం చెరిపేశారు. సాయంత్రానికల్లా దాలమ్మ మాట ఆగిపోయింది.

నీలవేణి సెలవు పెట్టి పలాస వచ్చేసింది. వెంట చేతిలో పట్టే చిన్న పెట్టె ఒకటి తెచ్చుకుంది. నలభై ఒకటోది ఊ కొట్టినప్పుడల్లా అందులో టక్కుమంటుంది. మిగతా వ్యవహారమంతా విశాఖలో కోదండపాణి చూస్తాడు. తలుపు తీసిన మొదటి వారం ఆ టక్కు నాలుగు సెకన్లకి ఒకసారి, పోనుపోను మూడింటికి, రెండింటికి, మధ్యమధ్య తప్పుతూ పడుతూ వచ్చింది. జగ్గారావు ఆటో కిరాయిలకి పోయే ముందు పెట్టె దగ్గర చెవి పెట్టి, "ఉన్నాదా?" అని అడిగి మరీ పోయేవాడు. దాలమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని, నోరు కదపబోయి, ఆగి, ఎటో చూస్తూ ఉండిపోయేది. వీధిలోవాళ్ళు వచ్చి, "అయ్యో, మళ్ళీ మొదటికొచ్చినాదేటమ్మా? అంత సదువుకున్న సెల్లి ఉండి ఇలగేటి?" అని నీలవేణి మొహం మీదే అనేవాళ్ళు.

చేతులు ఊరుకోక పొరుగింటి నుంచి పొట్టు తీయవలసిన జీడిపప్పు తెచ్చుకుంది. చేట ముందు పెట్టుకుని కథ చెప్పడం మొదలుపెట్టింది. దాలమ్మ చెప్పిన కథలే, తనకి గుర్తున్న మేరకి, తిరిగి దాలమ్మకి చెప్పసాగింది. కాకపోతే ఈసారి ఊ కొట్టవలసింది అప్ప. దాలమ్మ ఊ కొట్టలేదు. ఎడమ చేత్తో ఒక్కొక్క పప్పూ తీసి చూసి మళ్ళీ చేటలో పడేసేది.

ఒక రోజు ఎండ నెత్తికెక్కే వేళ, నీలవేణి కుమ్మరి గుంట కథ ఎత్తుకుంది. రెండు వాక్యాలు చెప్పిందో లేదో, పెట్టెలో టక్కు ఆగిపోయింది. కదిపి చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. పది సెకన్లు గడిచాయి. నిమిషం గడిచింది. భీమిలి మేష్టారి రికార్డు చివర విన్న ఆ ఉత్త జుమ్ము గుర్తొచ్చింది.

ఫోను మోగింది. కోదండపాణి.

"నాకూ వినపడటం లేదమ్మా," అన్నాడు. "కానీ ఒక్కటి అర్థం కావడం లేదు. ఊ రాకపోతే పది సెకన్లకి అంచు గింజలు అది పోయిందని చాటాలి కదా? చాటడం లేదు. యంత్రమే తప్పుతోందేమో. చూడు నీలవేణీ, వేగం దారులు ఇంకా పూర్తిగా చెదరలేదు. ఇప్పుడైతే వెనక్కి వెళ్ళవచ్చు. ఇంకొన్నాళ్ళు పోతే అదీ ఉండదు. నువ్వు ఊ అంటే ఈ క్షణమే ఓపిక తగ్గించేస్తాను." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "నిన్న భీమిలి వెళ్ళి మేష్టారికి అంతా చెప్పేశాను. ఆయన ఒక్కటే అడిగారు, అది ఎన్నాళ్ళు తలుపు తట్టిందీ అని. నా వల్ల కాలేదమ్మా చెప్పడం."

కిరాయి దింపి అప్పుడే గుమ్మంలోకి వచ్చిన జగ్గారావుకి పెట్టె మూగబోయిందని చూడగానే తెలిసిపోయింది. ఆటో తాళం చేతిలోంచి జారిపడింది. "ఆగిపోనాదా? సెప్పినానే వొద్దని! ముందరిలాగ పెట్టీమని సెప్పే నీలా, నీకు దణ్ణం పెడతాను. ఆ సారుకి సెప్పీ!" అని గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

నీలవేణి దాలమ్మ వైపు చూసింది. దాలమ్మ తల వంచుకుని చేటలోకి చూస్తోంది. ఆ మొహంలో ఏమీ కనపడలేదు. జ్వరంలో పడి ఉన్నప్పుడు తన మొహంలో మాత్రం ఏం కనపడి ఉంటుంది? అప్ప ఏం చూసి కథ ఆపకుండా చెప్పింది? ఏమీ చూడలేదు. ఊరికే చెప్పింది.

"తగ్గించకండి సార్," అంది నీలవేణి. ఫోను పక్కన పెట్టి, ఇంకో పప్పు చేతిలోకి తీసుకుంది. ఆమెకి తెలియకుండానే విశాఖ తెలుగు జారిపోయి చిన్ననాటి తెలుగు వచ్చేసింది.

"అలగ ఆ వానకి కుమ్మరి గుంట మీద మనసైపోనాది. పిల్లనియ్యమని కుమ్మరిని అడిగితే, 'నువ్వల్లుడివైతే నా కుండలు ఎప్పటికి ఆరతాయిరా నాయినా, నానియ్యను పొమ్మ'న్నాడు. ఆ గుంట బెంగెట్టేసుకుంది. ఆకరికి కుమ్మరి సరే అన్నాడు. పెళ్ళయిపోనాది. ఆ మర్నాడు కుమ్మరి కుండలు ఎండకెట్టుకున్నాడు. వాన సెప్పకుండా వొచ్చీసి, కుండలన్నీ..."

"కాదే."

నీలవేణి చేతిలో పప్పు అలాగే ఉండిపోయింది. జగ్గారావు మోకాళ్ళ మీదనుంచి తల ఎత్తాడు.

దాలమ్మ చేటలోకే చూస్తోంది. పెదవులు కదిలాయి, ఆగాయి. చాలాసేపు ఆగాయి. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

"సెప్పకుండా ఎలగొస్తాడే," అంది దాలమ్మ. మళ్ళీ ఆగింది. ఊపిరి తీసుకుంది. "మామకి మాటిచ్చినాడు గదా. తలుపు కొట్టీసి... అప్పుడొస్తాడు. ఉరుమంటే ఏటనుకున్నావు? అల్లుడు... తలుపు కొట్టడం. అది యిని కుమ్మరి... కుండలు లోపలెట్టుకుంటాడు."

"ఓలమ్మో!" అన్నాడు జగ్గారావు, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని. "ఓలమ్మో, మా మనిసే! మా మనిసే ఒచ్చీసినాది!"

"ఎందుకలగ అరుత్తావు," అంది దాలమ్మ అతని వైపు తిరగకుండానే, ఒక్కొక్క మాటా వెతికి తెచ్చుకుంటూ. "వీధి... వీధంతా యినాలేటి?"

ఆ తిట్టుకి జగ్గారావు నవ్వుతూ ఏడుస్తూ, కింద పడ్డ తాళం తీసుకుని కళ్ళకి అద్దుకున్నాడు.

పక్కన పెట్టిన ఫోనులోంచి కోదండపాణి గొంతు సన్నగా అరుస్తోంది. "నీలవేణీ! దారి దాని మీదుగా పోతోందమ్మా! మాటలు మధ్యలోంచి పోతున్నాయి, చుట్టు తిరగడం లేదు!" అప్పటికి నీలవేణికి తెలిసింది పెట్టె ఎందుకు ఆగిపోయిందో. అది కథ వింటోంది. విని, తప్పులు పట్టుకుని, మాటలు మోస్తోంది. మాట మోస్తున్నవాడు ఉన్నానని వేరే చెప్పక్కర్లేదు. మాట మోసేటప్పుడు ఊ మానేసే తెలివి నలభై గింజలకీ ఆమె ఇవ్వలేదు. ఆ ముక్క తనంతట తానే తెలుసుకుంది. అంచు గింజలు దాని మాటనే ఊగా లెక్కపెట్టుకుని ఊరుకున్నాయి. చచ్చిపోయిందని స్కాను చూసి అందరూ తేల్చేసిన ఆ నల్లటి మచ్చలో కుమ్మరి ఉన్నాడు, వాన ఉంది, ఆరబెట్టిన కుండలు వరసగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అవన్నీ అక్కడే ఉన్నాయి.

దాలమ్మ మళ్ళీ మునుపటిలా గడగడా మాట్లాడలేదు, ఇక ఎన్నటికీ మాట్లాడకపోవచ్చు. ఆ వేగం దారులు చెదిరిపోయాయి. ఒక మాటకీ మరో మాటకీ మధ్య ఎదుటివాళ్ళు ఆగాలి. జగ్గారావు ఆగడం నేర్చుకుంటాడు, వీధివాళ్ళూ నేర్చుకుంటారు. అదంతా తరవాతి సంగతి.

ఇప్పుడు దాలమ్మ ఎడమ చేత్తో చేట తన వైపు లాక్కుంది. ఒక పప్పు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "అలగ... ఉరుము యిని కుమ్మరి గుంట తలుపు తీసింది," అని ఆగింది. నీలవేణి ఆమె మొహంలోకి చూస్తూ, ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. దాలమ్మ కూడా చూసింది. కథ ముందుకి కదల్లేదు.

"ఊ కొట్టవేటే గుంటా?" అంది దాలమ్మ. "నిద్దరోయినావా?"

నీలవేణి నల్లబడ్డ వేళ్ళతో కళ్ళు తుడుచుకుని, "ఊ," అంది.